మేనమామ పోలిక, అమ్మ కన్ను: వంశపారంపర్య రేచీకటిలో స్విచ్‌ల సంగతి

మా వైపు పిల్లాడు పుట్టగానే పెద్దవాళ్లు ముక్కు ఎవరిది, నుదురు ఎవరిది అని చూస్తారు. మగపిల్లాడైతే చాలాసార్లు "మేనమామ పోలిక" అనే తీర్పు వస్తుంది. ముక్కు విషయంలో ఆ మాట ముద్దుగానే ఉంటుంది. అదే పిల్లాడు పదేళ్ల వయసులో పొద్దుగూకాక పొలం ఒడ్డు మీద తడబడుతున్నాడనుకోండి, వాడి మేనమామకీ అదే ఇబ్బంది ఉందనుకోండి. అప్పుడు "మీ తమ్ముని పోలికనే అచ్చింది" అన్న మాట ఆ తల్లి మీద నింద అవుతుంది. ఆమె పుట్టింటి నుంచి జబ్బు తెచ్చిందని అర్థం వస్తుంది.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడూ 2016 అక్టోబర్ 11న పాత వరంగల్ జిల్లా నుంచి విడిపోయి జిల్లా కేంద్రాలైన ఊళ్లు. మేనరికాలు ఇంకా కనిపించే ప్రాంతం. ఇక్కడ ఎవరికైనా రాత్రిపూట కండ్లు కనబడకపోతే దానికి జనం పెట్టే పేరు ఒకటే: రేచీకటి. ఆ పేరు వెనక అసలు ఏం జరుగుతోంది అన్నదే ఈ వ్యాసం. ముఖ్యంగా మూడు ప్రశ్నలు. లోపం తల్లి నుంచి కొడుక్కి వస్తే, తల్లి కళ్లు ఎందుకు బాగున్నాయి? అదే లోపం ఉన్న ఇద్దరిలో ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ ఎందుకు? "జీన్ స్విచ్ మార్చే మందు" అంటున్నారు కదా, అది నిజంగా ఉందా? ఈ మూడింటికీ జవాబు దొరికే దారిలో ఎపిజెనెటిక్స్ అనే సబ్జెక్ట్ ఉంది. నేను చదివేది కంప్యూటర్ సైన్స్ కాబట్టి మన భాషలోనే చెప్తాను. పోలిక ఎక్కడ పనిచేయదో అక్కడ అది కూడా చెప్తాను.

రేచీకటి ఒకటి కాదు, రెండు

మొదటి రకం విటమిన్ ఎ తక్కువైతే వచ్చేది. దీన్ని సరిచేయొచ్చు. అందుకే 9 నెలల వయసు నుంచి 5 ఏళ్ల వరకు పిల్లలకు అంగన్‌వాడీల్లో, ఆరోగ్య కేంద్రాల్లో విటమిన్ ఎ చుక్కలు వేస్తారు.

రెండోది జన్యువుల్లో లోపం వల్ల వచ్చేది. ఇందులో ఎక్కువగా కనిపించేది రెటినైటిస్ పిగ్మెంటోసా, క్లుప్తంగా ఆర్‌పీ. ప్రపంచంలో సుమారు 4000 మందిలో ఒకరికి ఇది ఉంటుందని లెక్క. మన కంటి వెనక తెరలాంటి పొర రెటీనా. అందులో మసక వెలుతురులో చూడ్డానికి రాడ్ కణాలు దాదాపు 12 కోట్లు, పగటి వెలుతురుకీ రంగులకీ కోన్ కణాలు దాదాపు 60 లక్షలు ఉంటాయి. ఆర్‌పీలో మొదట రాడ్లు చనిపోతాయి. అందుకే ముందు రాత్రి చూపు పోతుంది. తర్వాత పక్కచూపు తగ్గుతూ వచ్చి, గొట్టంలోంచి చూసినట్టు మధ్యలో కొంచెం మిగులుతుంది. చివరికి కోన్లు కూడా దెబ్బతింటాయి. రెటీనా కణాలు ఒకసారి పోతే మళ్లీ పుట్టవు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. మధ్యచూపు చాలా ఏళ్లు బాగుంటుంది కాబట్టి, గోడ మీద అక్షరాల చార్ట్‌ను ఆర్‌పీ ఉన్న మనిషి చివరి లైన్ దాకా చదివేయొచ్చు. 2018 ఆగస్టు 15న మొదలైన కంటి వెలుగు శిబిరాల వల్ల మన ఊళ్లలో ఎందరికో కళ్లద్దాలు వచ్చాయి. అయితే ఏ చార్ట్ అయినా కొలిచేది మధ్యచూపునే. రాత్రి చూపు, పక్కచూపు అందులో తెలియవు. మిర్చి కల్లంలో కాళ్ల దగ్గర పడ్డ గంప కనిపించకపోవడం, సినిమా హాల్లో సీటు వెతుక్కోలేకపోవడం, పక్కనుంచి చెయ్యి చాపిన మనిషిని గమనించకపోవడం, ఇవీ అసలు గుర్తులు. "వీనికి పొగరు, పలకరిస్తే పలకడు" అని పేరు పడ్డవాళ్లలో కొందరికి ఉన్నది పొగరు కాదు, పక్కచూపు లేకపోవడం.

ఒకే సోర్స్ కోడ్, వేరే ఫ్లాగులు

మన ఒంట్లో ప్రతి కణంలోనూ దాదాపు ఒకే డీఎన్‌ఏ ఉంటుంది. సుమారు 300 కోట్ల అక్షరాలు, 20 వేల దాకా జన్యువులు. మరి చర్మ కణం చర్మంలా, రాడ్ కణం రాడ్‌లా ఎందుకుంటాయి? ఒకే రిపోజిటరీని వేర్వేరు కాన్ఫిగరేషన్లతో బిల్డ్ చేసినట్టు అన్నమాట. ఏ జన్యువు చదవాలి, ఏది వదిలేయాలి అని చెప్పే గుర్తులు డీఎన్‌ఏ మీద, దాని చుట్టూ ఉంటాయి. ఆ గుర్తుల చదువే ఎపిజెనెటిక్స్. "ఎపి" అంటే గ్రీకులో పైన అని అర్థం.

ఈ గుర్తుల్లో రెండు ముఖ్యం. ఒకటి, డీఎన్‌ఏలోని సి అక్షరానికి మిథైల్ అనే చిన్న రసాయన ముక్క అంటుకోవడం. జన్యువు మొదట్లో ఇవి ఎక్కువైతే ఆ జన్యువు సాధారణంగా ఆగిపోతుంది. మనం ఒక లైన్ ముందు రెండు గీతలు పెట్టి కామెంట్ చేసినట్టు. లైన్ చెరిగిపోదు, కానీ రన్ కాదు. వెలుతురును పట్టే రొడాప్సిన్ ప్రోటీన్ జన్యువు రాడ్ కణంలో ఈ మిథైల్ గుర్తులు లేకుండా తెరిచి ఉంటుంది, మిగతా చోట్ల మూసి ఉంటుంది. రెండోది హిస్టోన్లు. ప్రతి కణంలో దాదాపు 2 మీటర్ల పొడవున్న డీఎన్‌ఏ దారం హిస్టోన్లనే ఉండల చుట్టూ చుట్టుకుని ఉంటుంది. వాటికి ఎసిటైల్ ముక్కలు అంటితే చుట్ట వదులై జన్యువు చదవడానికి వీలవుతుంది. ఆ ముక్కల్ని తీసేసే ఎంజైములను హెచ్‌డీఏసీలు అంటారు. ఈ పేరు గుర్తుంచుకోండి, మందుల దగ్గర మళ్లీ వస్తుంది.

పోలిక ఎక్కడ తెగుతుందంటే, మన ఫ్లాగులు సున్నా లేదా ఒకటి. కణంలో గుర్తులు రేడియో వాల్యూమ్ లాంటివి, కొంచెం ఎక్కువ, కొంచెం తక్కువ కావచ్చు. ఇంకోటి, ఫ్లాగ్ ఎవరో ఒకరు కావాలని పెడతారు. కణంలో కొన్నిసార్లు అది పూర్తిగా నాణెం ఎగరేసినట్టు జరుగుతుంది. మొదటి ప్రశ్నకు జవాబు సరిగ్గా అక్కడే ఉంది.

అమ్మ రెటీనాలో మచ్చలు

ఆర్‌పీ తెచ్చే జన్యువులు 80కి పైగా ఉన్నాయి. వాటిలో ఆర్‌పీజీఆర్, ఆర్‌పీ2 అనే రెండు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటాయి. మగవాళ్లకి ఎక్స్ ఒక్కటే, అదీ అమ్మ నుంచే. ఆ ఒక్కదాంట్లో లోపం ఉంటే బ్యాకప్ లేదు. అందుకే ఈ రకం ఆర్‌పీ మేనమామకీ మేనల్లుడికీ కలిసి కనిపిస్తుంది. ఇద్దరికీ లింకు మధ్యలో ఉన్న ఆడమనిషి. "మేనమామ పోలిక" అన్న మాట ఈ జబ్బు విషయంలో జన్యుశాస్త్రం ప్రకారం కూడా సరైనదే.

ఆడవాళ్లకి రెండు ఎక్స్‌లు. కానీ ప్రతి కణంలో రెండూ పనిచేయవు. 1961లో మేరీ లయన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త ఒక విషయం ప్రతిపాదించారు. ఆడ పిండం ఇంకా చాలా చిన్నగా ఉన్నప్పుడే, ప్రతి కణం రెండు ఎక్స్‌లలో ఒకదాన్ని ఆపేస్తుంది. ఏది ఆపాలన్నది యాదృచ్ఛికం. ఒకసారి ఆపాక ఆ కణం నుంచి పుట్టిన పిల్ల కణాలన్నీ అదే ఎంపికను పాటిస్తాయి. మూడు రంగుల పిల్లిని చూశారా? అవి దాదాపు అన్నీ ఆడపిల్లులే. నల్ల మచ్చలో ఒక ఎక్స్ పనిచేస్తోంది, నారింజ మచ్చలో ఇంకో ఎక్స్. డీఎన్‌ఏ అంతటా ఒకటే, తేడా స్విచ్‌లో ఉంది.

లోపం మోస్తున్న తల్లి రెటీనా కూడా ఆ పిల్లి ఒంటి లాంటిదే. కొన్ని చోట్ల మంచి ఎక్స్ నడుస్తుంది, కణాలు బాగుంటాయి. కొన్ని చోట్ల లోపమున్న ఎక్స్ నడుస్తుంది, కణాలు బలహీనపడతాయి. డాక్టర్ లోపలికి లైట్ వేసి చూస్తే కొందరు తల్లుల్లో బంగారు రంగు మెరుపు మచ్చలు మచ్చలుగా కనిపిస్తుంది. చాలామందికి చూపులో తేడా తెలియదు. కొందరికి రాత్రి కొంచెం ఇబ్బంది ఉంటుంది. కొద్దిమందికి మగవాళ్లకు వచ్చినంతగా కూడా రావచ్చు.

ఈ తేడాకి కారణం లెక్కల్లో తెలిసిందే. నాణేన్ని వెయ్యిసార్లు ఎగరేస్తే దాదాపు సగం సగం వస్తుంది. పదిసార్లే ఎగరేస్తే 8-2గా గానీ అంతకన్నా ఎక్కువగా గానీ ఒకవైపు ఒరిగే అవకాశం దాదాపు 11 శాతం. ఎంపిక జరిగేది పిండంలో కణాలు తక్కువ ఉన్నప్పుడు కాబట్టి, ఒక అక్కకి మంచి వైపు, ఒక చెల్లికి చెడ్డ వైపు ఒరగొచ్చు. పైగా ఈ ఎంపిక కూతురికి వారసత్వంగా వెళ్లదు. అండం తయారయ్యేటప్పుడు ఆపేసిన ఎక్స్ మళ్లీ తెరుచుకుంటుంది, కూతురి ఒంట్లో నాణెం కొత్తగా ఎగురుతుంది.

అంటే ఆ తల్లి ఏమీ "తేలేదు". ఆమెకు తెలియకుండా, ఆమె పుట్టకముందే జరిగిన నాణెం ఆట అది. ఆమె కొడుక్కి ఏ ఎక్స్ వెళ్లాలన్నదీ ఇంకో నాణెం.

రెండో ప్రశ్నకి ఇంకో జవాబు కూడా ఉంది. పీఆర్‌పీఎఫ్31 అనే జన్యువు ఎక్స్ మీద లేదు. దాని ఒక్క కాపీలో లోపం ఉన్నా ఆర్‌పీ రావచ్చు. కానీ అదే లోపం మోస్తూ జీవితమంతా మంచి చూపుతో ఉన్నవాళ్లు అదే కుటుంబాల్లో కనిపిస్తారు. పరిశోధనలో తేలింది ఏమిటంటే, వాళ్లలో మిగిలిన మంచి కాపీ మామూలుకన్నా గట్టిగా చదవబడుతోంది. ఇక్కడ కూడా రాత ఒకటే, చదివే వాల్యూమ్ వేరు.

మేనరికం లెక్క

ఇప్పుడు మన దగ్గర జరిగే లెక్క వేద్దాం. ఎక్స్ రకం ఆర్‌పీ ఉన్న ఒక మేనమామ, అది తన తల్లి నుంచి వచ్చిందనుకుందాం. అతని అక్క లోపం మోసే అవకాశం సగం. అక్క కూతురు మోసే అవకాశం అందులో సగం, అంటే నాలుగో వంతు. ఆ మేనకోడలినే అతను పెళ్లి చేసుకున్నాడు. ఆమె లోపం మోస్తుంటే, కొడుకుల్లో సగం మందికి జబ్బు వచ్చే అవకాశం ఉంది. అతని కూతుళ్లందరికీ తండ్రి నుంచి లోపమున్న ఎక్స్ ఎలాగూ వస్తుంది, వాళ్లలో సగం మందికి తల్లి నుంచి కూడా వస్తుంది. రెండు ఎక్స్‌లలోనూ లోపం ఉన్నప్పుడు ఏది ఆపినా మిగిలేది చెడ్డదే. ఆడవాళ్లను కాపాడే స్విచ్ అక్కడ పనికిరాదు. మొత్తం మీద ఒక్కో బిడ్డకి ప్రమాదం ఎనిమిదో వంతు. అతనే లోపం లేని బయటి అమ్మాయిని చేసుకుంటే కొడుకులెవరికీ లోపం వెళ్లదు, కూతుళ్లు మోసేవాళ్లు మాత్రమే అవుతారు.

ఎక్స్ మీద లేని ఇంకెన్నో ఆర్‌పీ రకాలకి రెండు కాపీల్లోనూ లోపం కావాలి. అక్కడ మేనరికం ఇంకా నేరుగా దెబ్బతీస్తుంది. ఒకే తాత నుంచి వచ్చిన ఒకే లోపం ఇద్దరి వైపు నుంచీ కలవొచ్చు. బిడ్డలో ఒక జన్యువు రెండు కాపీలూ ఒకే పూర్వీకుడివి అయ్యే అవకాశం మేనమామ-మేనకోడలు పెళ్లిలో 8లో 1, మేనబావ-మరదలు పెళ్లిలో 16లో 1.

దీంట్లో ఒక వింత ఉంది. ఏ పెళ్లి వల్ల ప్రమాదం పెరుగుతుందో, ఆ పెళ్లే జన్యువును పట్టుకోవడానికీ సాయపడుతుంది. అలాంటి కుటుంబాల్లో జబ్బు ఉన్నవాళ్ల డీఎన్‌ఏలో రెండు కాపీలూ అచ్చం ఒకేలా ఉండే పొడవాటి భాగాలు ఉంటాయి. వెతకాల్సింది 300 కోట్ల అక్షరాలు కాదు, ఆ భాగాలు మాత్రమే. సెర్చ్ స్పేస్ కుదించడమన్నమాట. హైదరాబాద్ ఎల్‌వీ ప్రసాద్ నేత్ర వైద్య విజ్ఞాన సంస్థలో, కల్లం అంజిరెడ్డి మాలిక్యులర్ జెనెటిక్స్ ల్యాబ్‌కు చెందిన చిత్ర కన్నబిరాన్ బృందం 2009లో ప్రచురించిన పని ఇదే పద్ధతిలో చేసింది. మన దేశపు ఆర్‌పీ కుటుంబాల్లో కారణమైన జన్యువులను అలా వెతికారు.

మందుల సంగతి: ఉన్నది, లేనిది

ఇక మూడో ప్రశ్న. నిజంగా అనుమతి వచ్చిన జీన్ థెరపీ ఒకటుంది, లుక్స్‌టర్నా. 2017 డిసెంబర్ 19న అమెరికా ఎఫ్‌డీఏ అనుమతించింది. ఆర్‌పీఈ65 అనే జన్యువు రెండు కాపీల్లోనూ లోపం ఉండి, రెటీనాలో ఇంకా బతికున్న కణాలు తగినన్ని ఉన్నవాళ్లకే అది. ఆ జన్యువు చేసే ప్రోటీన్, వెలుతురు పడ్డాక వాడేసిన విటమిన్ ఎ రూపాన్ని మళ్లీ పనికొచ్చేలా మారుస్తుంది. లుక్స్‌టర్నా పాత కోడ్‌ను దిద్దదు, హాని లేని వైరస్‌లో మంచి కాపీని రెటీనా కిందికి పంపుతుంది. రెండు కళ్లకీ కలిపి మొదట్లో పెట్టిన ధర 8 లక్షల 50 వేల డాలర్లు, అప్పటి లెక్కలో 5 కోట్ల రూపాయల పైమాటే. మిగతా జన్యువుల వాళ్లకి అది పనిచేయదు.

ఇంత ఖరీదు, ఒక్కో జన్యువుకీ ఒక్కో మందు. అందుకే స్విచ్‌ల మీద ఆశ పెరిగింది. జన్యువు ఏదైనా, చనిపోతున్న రాడ్లలో గుర్తులు అస్తవ్యస్తమవుతాయి కదా, ఆ గుర్తుల్నే సరిచేస్తే? ఆర్‌పీ ఉన్న ఎలుకల్లో హెచ్‌డీఏసీలు అతిగా పనిచేస్తున్నాయని 2010లో తేలింది. హెచ్‌డీఏసీలను అడ్డుకునే ఒక మందు అప్పటికే మెడికల్ షాపుల్లో ఉంది, వాల్‌ప్రోయిక్ ఆసిడ్. ఫిట్స్‌కి వాడేది, చవక. 2011లో ఒక పత్రికలో ఏడుగురు ఆర్‌పీ రోగులకి ఇస్తే చూపు మెరుగైందని వచ్చింది. పోల్చడానికి ప్లాసిబో వాడిన గుంపు అందులో లేదు. అయినా ఆశ పాకింది.

తర్వాత అమెరికాలో సరైన పరీక్ష జరిగింది. 90 మంది, కొందరికి మందు, కొందరికి ఉత్త మాత్ర, ఎవరికేది అన్నది చీటీ పద్ధతిలో. 2018లో ఫలితం వచ్చింది. ఆ పరీక్ష ఈ మందు వాడకాన్ని సమర్థించలేదు. వాల్‌ప్రోయిక్ ఆసిడ్ కాలేయానికి హాని చేయొచ్చు, గర్భంలో బిడ్డకి వైకల్యాలు తేవచ్చు. కాబట్టి ఎవరైనా "రేచీకటికి ఫిట్స్ గోలీ బాగా పనిచేస్తదట" అంటే, 2018 నాటి ఈ కథ వాళ్లకి చెప్పండి. దీని వెనక కారణం మనకి అర్థమయ్యేదే: హెచ్‌డీఏసీలను ఒంటినిండా ఆపడం అంటే ఒక బగ్ కోసం మొత్తం సర్వర్ సెట్టింగులు మార్చడం. వేల జన్యువుల చుట్టలు కదులుతాయి, మనకి కావాల్సినదే కదులుతుందన్న హామీ లేదు.

ల్యాబుల్లో ఇప్పుడు పోతున్న దారి గురిపెట్టి మార్చడం. కత్తిరించే శక్తి తీసేసిన క్రిస్పర్ ప్రోటీన్‌కి ఒక స్విచ్ తగిలించి, కావాల్సిన ఒక్క జన్యువు దగ్గరికి పంపుతారు. అక్షరాలు మారవు, ఫ్లాగ్ మాత్రం మారుతుంది. 2020లో రొడాప్సిన్ లోపమున్న ఎలుకల రాడ్లలో, మామూలుగా కోన్లలో మాత్రమే నడిచే ఒక ఆప్సిన్ జన్యువును ఇలా ఆన్ చేశారు. రెటీనా పాడవడం నెమ్మదించింది. 2021లో ఇంకో బృందం ఎల్‌ఎస్‌డీ1, హెచ్‌డీఏసీ1 అనే రెండు ఎంజైములను అడ్డుకుని ఆర్‌పీ ఎలుకల్లో రాడ్ల చావును ఆపింది. రెండూ మంచి వార్తలే, రెండూ ఎలుకల్లోనే. ఎలుకకీ మహబూబాబాద్ మనిషికీ మధ్య వాల్‌ప్రోయిక్ ఆసిడ్ లాంటి పరీక్షలు ఇంకెన్నో ఉంటాయి.

అందాకా ఏం చేయొచ్చు

మొదటిది, సరైన పరీక్ష. చార్ట్ బాగా చదివినా రాత్రి చూపు లేకపోతే రెటీనా డాక్టర్‌కి చూపించాలి. పక్కచూపు కొలిచే పరీక్ష, రెటీనా విద్యుత్ సంకేతాలు కొలిచే ఈఆర్‌జీ పరీక్ష ఉంటాయి. జనగామ, మహబూబాబాద్ వాళ్లకి హైదరాబాద్‌కు రైలుంది. భూపాలపల్లి వాళ్లు పరకాల మీదుగా హనుమకొండ దాకా బస్సులో రావాలి. ఒక రోజు కూలి పోతుంది నిజమే, కానీ అది విటమిన్ లోపమా, ఆర్‌పీనా అన్నది తేలుతుంది. ఆర్‌పీలో కూడా రకం తెలియకుండా విటమిన్ ఎ మాత్రలు సొంతంగా మింగడం మంచిది కాదు, కొన్ని రెటీనా జబ్బుల్లో అది హాని చేస్తుంది.

రెండోది, జన్యు పరీక్ష, కౌన్సెలింగ్. ఏ జన్యువో తెలిస్తేనే రేపు ఏ మందు వచ్చినా తమకి పనికొస్తుందో లేదో తెలుస్తుంది. ఇంట్లో సంబంధం మాట్లాడుకునే ముందు పైన వేసిన లెక్క వేసుకోవడానికీ అదే ఆధారం.

మూడోది చాలామందికి తెలియని హక్కు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో చూపును అక్షరాల చార్ట్‌తోనే కొలవరు. చూపు విస్తీర్ణం 40 డిగ్రీల కన్నా తగ్గితే అల్పదృష్టి కిందికి, 10 డిగ్రీల కన్నా తగ్గితే అంధత్వం కిందికి వస్తుంది. అంటే చివరి లైన్ చదవగలిగే మనిషి కూడా సర్టిఫికెట్‌కి అర్హుడు కావచ్చు.

నాలుగోది మన పని. ఆర్‌పీ ఉన్న విద్యార్థి మన క్లాసులోనే ఉండొచ్చు. సాయంత్రం ల్యాబ్ అయ్యాక చీకటి మెట్ల దగ్గర "చెయ్యి పట్టుకో అన్నా" అంటే చాలు, కారణాలు అడగక్కర్లేదు. మనం చేసే ప్రాజెక్ట్ వెబ్‌సైట్లను ఎన్‌వీడీఏతో ఒకసారి విని చూడండి. ఉచితం, ఓపెన్ సోర్స్, 2006లో చూపులేని ఒక ఆస్ట్రేలియా కుర్రాడు మొదలుపెట్టింది. గొట్టంలోంచి చూసే మనిషికి ఎర్రర్ మెసేజ్ స్క్రీన్‌కి ఒక మూల, బటన్ ఇంకో మూల ఉంటే అది కనిపించదు. పక్కపక్కన పెట్టడానికి మనకి ఒక్క లైన్ సీఎస్‌ఎస్ చాలు.

ఇక ఎవరింట్లోనైనా "నీ పుట్టింటి పోలికే" అన్న మాట వినిపిస్తే, మూడు రంగుల పిల్లి సంగతి చెప్పండి. ఆ తల్లి కంట్లో మంచి ఎక్స్, చెడ్డ ఎక్స్ పక్కపక్కనే ఉన్నాయి. ఏది ఎక్కడ నడవాలో ఆమెను ఎవరూ అడగలేదు.